అప్‌డేట్: ఒకటో ట్రాప్‌లో గెలిచిన గ్రేహౌండ్ ఐదో ట్రాప్‌లో ఎందుకు ఓడిపోతుంది?

ఈ ప్రశ్న అడిగింది నేనే, హన్మకొండ నుంచి. (గ్రేహౌండ్ అంటే రేసు కుక్క, ట్రాప్ అంటే రేసుకు అది బయల్దేరే పెట్టె.) జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే బ్రిటన్ రేసుల వీడియోల్లో మొదటి మలుపును స్పీడ్ తగ్గించి చూశాను, అసలు కథంతా అక్కడే ఉంది.

మొత్తం ఆరు కుక్కలు. ఎరుపు జాకెట్ ఒకటో ట్రాప్‌ది, లోపలి రెయిలింగ్ పక్కనే; చారల జాకెట్ ఆరోది, అన్నిటికన్నా బయట. మన హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియంలో 400 మీటర్ల పరుగుకు బయటి లేన్ వాళ్లను ముందుకు నిలబెడతారు కదా, వీటికి అలాంటిదేం లేదు, అన్నీ ఒకే వరుసలోంచి బయల్దేరతాయి. అర్ధవృత్తం మలుపులో ఒక్క మీటరు బయటికి జరిగితే 3.14 మీటర్లు ఎక్కువ పరుగెత్తాలి, రేసేమో చాలాసార్లు తల తేడాతో తేలిపోతుంది.

దూరం ఒక్కటే కాదు. ఒక వీడియోలో ఐదో ట్రాప్‌లోని నారింజ జాకెట్ కుక్క, రెయిలింగ్ వైపు పోయే అలవాటున్నది, బయల్దేరగానే ఎడమకు కోసుకొచ్చి నల్ల జాకెట్ కుక్క భుజానికి తగిలింది, నారింజ జాకెట్ దాని అడుగు తడబడింది, అంతే, మళ్లీ అందుకోలేకపోయింది. అందుకే అక్కడ బయటి వైపు పరుగెత్తే కుక్కల పేరు పక్కన డబ్ల్యూ (వైడ్) అని రాసి బయటి ట్రాపులే ఇస్తారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఢీకొట్టుకోవడం తగ్గితే వాటి కాళ్లకు దెబ్బలూ తగ్గుతాయి, నాకైతే గెలుపు కన్నా అదే ముఖ్యం.