50 మి.మీ. లెన్సులో ఆరు కటకాలు ఎందుకు?

ప్రశ్న:
నా 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుతో రాత్రిపూట కార్తీక దీపాలను ఫోటో తీస్తే, ఎఫ్/1.8 వద్ద ప్రతి దీపం చుట్టూ పల్చని వెలుగు కమ్ముకుంటోంది, అంచున ఉన్న దీపాలకైతే తోకలు మొలుస్తున్నాయి. ఎఫ్/4 వద్ద రెండూ దాదాపు మాయమవుతున్నాయి. భూతద్దం ఒక్కటే బొమ్మను ఏర్పరచగలిగినప్పుడు ఇందులో ఆరు కటకాలు ఎందుకు? ఆరున్నా ఈ లోపాలు ఎందుకు మిగిలాయి?

సమాధానం 1:
ఆ వెలుగుకు కారణం గోళీయ విపథనం, తోకలకు కారణం కోమా. గోళాకార తలం అంచున పడిన కిరణాలు మధ్యలో పడినవాటికంటే ఎక్కువగా వంగి ముందే కలుసుకుంటాయి. పుటాకార కటకం ఇదే తప్పును వ్యతిరేక దిశలో చేస్తుంది కనుక, ఒకదాని తప్పును మరొకదానితో కొట్టివేయడమే ఇక్కడి కిటుకు. రంగుల విషయమూ అంతే: 1758లో జాన్ డాలండ్ పేటెంటు పొందిన జోడీలో, క్రౌన్ గాజు కుంభాకార కటకం విడదీసిన రంగులను రంగులను మరింతగా విడదీసే ఫ్లింట్ గాజుతో చేసిన పుటాకార కటకం మళ్లీ దగ్గరకు చేరుస్తుంది.

బొమ్మ గిన్నెలా వంగిపోవడం వేరే చిక్కు. 1893లో డెన్నిస్ టేలర్ పేటెంటు పొందిన మూడు కటకాల కుక్ ట్రిప్లెట్ దాన్ని విడదీసిన తీరు నాకు ఎంతో ఇష్టం. మధ్యనున్న పుటాకార కటకాన్ని ముందుదానికి ఎడంగా ఉంచితే, అప్పటికే దగ్గరవుతున్న కిరణాలు దాని మీద అక్షానికి చేరువగా పడతాయి కాబట్టి, కిరణాలను వంచే లెన్సు మొత్తం సామర్థ్యాన్ని అది తగ్గించేది స్వల్పమే. బొమ్మ వంపుకు మాత్రం కటకాల మధ్య దూరంతో నిమిత్తం లేదు గనుక, దాన్ని సరిదిద్దే పని పూర్తిగా చేస్తుంది.

సమాధానం 2:
పై వివరణ సరైనదే గానీ, ప్రశ్నించినవారి లెన్సుది వేరే వంశం. ఆ వంశానికి మూలం 1896లో జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ప్లానార్ లెన్సు. అందులో ఆరు కటకాలు అపెర్చరుకు (కాంతి వెళ్లే రంధ్రానికి) అటు మూడు, ఇటు మూడు ఎదురెదురుగా ఉంటాయి. ముందు సగం తెచ్చిన కోమాను, డిస్టార్షన్‌ను (తిన్నని గీతలు వంకరగా కనిపించడాన్ని), ఫోటో అంచుల్లోని రంగు చెదురును వెనుక సగం రద్దు చేస్తుంది. వస్తువు, బొమ్మ ఒకే పరిమాణంలో ఉన్నప్పుడే ఈ రద్దు సంపూర్ణం. అందుకే దూరపు దృశ్యాలకు వాడే లెన్సుల్లో ఆ సౌష్ఠవాన్ని కావాలనే కొంత సడలిస్తారు. గోళీయ విపథనమైతే సౌష్ఠవంతో పోయేది కాదు.

గాలి తగిలే తలాలు ప్లానార్‌లో ఎనిమిది. ఒక్కో తలం వద్ద నాలుగైదు శాతం కాంతి వెనక్కి పోయేది కాబట్టి, 1935లో అలెగ్జాండర్ స్మకులా ఈ ప్రతిఫలనాన్ని తగ్గించే పూత కనిపెట్టేవరకూ ఈ అమరికకు రావలసినంత ఆదరణ రాలేదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. అయితే ఎఫ్/4 వద్ద తేడా అంత ఎక్కువగా ఎందుకుంది?

సమాధానం 3:
గోళీయ విపథనపు మసక అపెర్చరు వ్యాసం ఘనాన్ని బట్టి, కోమా వర్గాన్ని బట్టి మారుతాయి. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/4కు వ్యాసం 2.2 రెట్లు తగ్గుతుంది. అంటే స్థూలంగా మొదటిది పదకొండో వంతుకు, రెండోది ఐదో వంతుకు దిగుతాయి. డిస్టార్షన్, అంచుల రంగు చెదురు మాత్రం అపెర్చరును ఎంత తగ్గించినా మారవు, వాటిని రా ఫైలులో (కెమెరా మార్పుచేయకుండా దాచిన ఫోటో ఫైలులో) సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోవచ్చు.