సమస్య: “చచ్చి రాణిగ నేలెను చంటిపాప”

మోడరేటర్: ఈ వారం పాదం పైదే. ‘పెర్ల్’ చదువుతుంటే తట్టింది, 14వ శతాబ్దం చివరి ఇంగ్లీషు కావ్యం, కవెవరో తెలీదు, ఒక్క రాతప్రతే మిగిలింది. పసికూతుర్ని పోగొట్టుకున్న తండ్రి, కలలో ఆమెను ఏటి అవతల స్వర్గపు రాణిగా చూస్తాడు. పూరణ ఆ కథలోనే ఉండాలి.

గోదారిగట్టు:
రెండు నిండని ప్రాయాన రెప్పవాల్చి
ముత్యమై నేలఁ జారిన ముద్దుబిడ్డ
ఏటి కావలి గట్టున నెదురు నిలిచె;
చచ్చి రాణిగ నేలెను చంటిపాప!

పాతబస్తీ పంతులు: ‘నేలఁ జారిన’ దగ్గర ఆగిపోయానండీ. కావ్యం మొదట్లో ముత్యం చేజారి గడ్డిలోంచి మట్టిలోకి పోయిందంటాడు తండ్రి, కూతురు పోయిందన్న మాట నోటితో అనలేక, మీరు దాన్ని ఒక్క ముక్కలో పట్టేశారు. కానీ ‘బిడ్డ’ తర్వాత ‘ఏటి’ విసంధి (సంధి కలపకుండా వదిలేయడం), ‘యేటి’ అనాలి. ‘రాణిగా’ని ‘రాణిగ’ అని కుదించిన హ్రస్వం మోడరేటర్ గారిదే, అది ఆయనతో తేల్చుకుంటా. నాది:

చివరి గడియకు వచ్చిన సేవకునకు
తోట రేడొసఁగెను సరితూగు కూలి;
మంత్రమే యెరుగని బిడ్డకు మకుట మిడగ
చచ్చి రాణిగ నేలెను చంటిపాప!

రెండేళ్ళు కూడా బతకలేదు, ఒక్క ప్రార్థన రాదు, మొదటిరోజే రాణివెలా అయ్యావని తండ్రి నిలదీస్తే పాప బైబిల్లోని ద్రాక్షతోట కూలీల కథ చెబుతుంది కదా, అది.

గోదారిగట్టు: మూడో పాదం రెండో గణంలో ఒక గురువు ఎక్కువైంది. కూలి మెలిక మాత్రం అద్భుతం, నాకు తట్టలేదు. అయినా మీ పాత ‘సర్ ఆర్ఫియో’ (గ్రీకు ఆర్ఫియస్ కథకి మధ్యయుగపు ఇంగ్లీషు రూపం) పూరణ మర్చిపోలేనండీ, వెనక్కి చూసి భార్యను పోగొట్టుకున్నాడని రాశారు, ఈ ఇంగ్లీషు కథలో ఆ షరతే లేదు, పదేళ్ళు అడవిలో తిరిగి, హార్ప్ వాయించి భార్య హ్యూరోడిస్‌ని ఇంటికి తెచ్చుకుంటాడు.

పాతబస్తీ పంతులు: గ్రీకు కథ కలిసిపోయిందని అప్పుడే ఒప్పుకున్నా, ఇంకెన్నిసార్లు? మీ పద్యం ఏటి దగ్గరే ఆగిపోయింది మరి. తండ్రి ఉండబట్టలేక ఏట్లోకి దూకబోతాడు, కల చెదిరిపోతుంది, ముత్యం పోయిన దిబ్బ మీదే మెలకువొస్తుంది. ఆ ఏడుపు ఎవరి పద్యంలోనూ లేదు.

కొత్తమెంబరు: ఒక పద్యం చివర్లో మాట తర్వాతి పద్యం మొదట్లో మళ్ళీ వస్తోంది, మన ముక్తపదగ్రస్తంలాగే ఉందండీ!

మోడరేటర్: అవును, పన్నెండేసి పాదాలవి 101 పద్యాలు, ఆఖరి పాదం తిరిగి మొదటి పాదాన్ని అందుకుంటుంది. వచ్చేవారం అలాగే అల్లండి, ఏట్లోకి దూకే తండ్రి మీద. పంతులు గారూ, మూడో పాదం సవరించండి.

పాతబస్తీ పంతులు: “మంత్ర మెరుగని బిడ్డకు మకుట మిడగ”. మరి ‘రాణిగ’ సంగతి?