1986 బెంజ్ లారీకి హెడ్‌లైట్ లెవెలింగ్ మోటార్లు: అవసరమా, దండగా?

బ్రేమెన్_బాబు:
నాది బెంజ్ 1017, జర్మన్ సైన్యం వాడి అమ్మేసిన బండి. వెనక ఇల్లులా కట్టించుకున్నా. బంపర్లో హెచ్4 బల్బుల లైట్లు, 24 వోల్టులు. సీట్లోంచే హెడ్‌లైట్ దించుకునే ఏర్పాటు ఇక్కడ జర్మనీలో 1990 జనవరి 1 నుంచి కొత్తగా రోడ్డెక్కిన బండ్లకే తప్పనిసరి, కాబట్టి నాకు అక్కర్లేదు. కానీ 300 లీటర్ల నీళ్లు నింపి, వెనక మోటార్‌సైకిల్ ఎక్కిస్తే చాలు, ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు కొడుతున్నాడు. డిమ్‌లోనే ఉన్నాను మహాప్రభో అని ఎవరికి చెప్పుకోను? మోటార్లు పట్టే లైట్లు, డాష్‌బోర్డు మీద తిప్పే బటన్ కొని పెడదామనుకుంటున్నా. ఎవరైనా చేశారా?

కమాన్‌కట్ట:
దండగ. లైట్లు సరిగ్గానే ఉన్నాయి, బండే తోక మీద కూర్చుంటోంది. మీ కమాను కట్టల ఫొటో పెట్టండి ముందు.

ఇరవైనాలుగు_వోల్టులు:
బాబు గారూ, కార్ల మోటార్లు కొనకండి. అవి 12 వోల్టులవి. మోటారుకు మూడు తీగలుంటాయి: ప్లస్, ఎర్త్, బటన్ నుంచి వచ్చే సిగ్నల్. ఆ సిగ్నల్ సరఫరా వోల్టేజీలో ఇంత వంతు అని లెక్క. బటన్‌కు 24, మోటారుకు 12 ఇచ్చారంటే అంతా తికమకే. మీరు ఏది కొంటున్నారు, 12ఆ, 24ఆ?

బ్రేమెన్_బాబు:
కమాన్ గారూ, ఫొటో దేనికి, లెక్క చెప్తా వినండి. నిన్న టేపు పెట్టి కొలిచా. బరువెక్కాక వెనక 6 సెంటీమీటర్లు దిగింది, ముందు కదల్లేదు. ఇరుసుల మధ్య సుమారు 4 మీటర్లు. అంటే బండి 1.5 శాతం వెనక్కి వాలింది. నా డిమ్ 1 శాతం కిందికి, అంటే 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు దిగేలా పెట్టి ఉంది. బరువుతో అది కిందికి పోయేది కాస్తా అర శాతం పైకి చూస్తోంది. మామూలుగా 80 మీటర్ల దగ్గర రోడ్డును తాకాల్సిన వెలుగు ఇక రోడ్డునే తాకదు. దీనికి మోటారు కాక ఇంకేం కావాలి?

గోదారోడు:
బరువెక్కించే ముందు స్క్రూడ్రైవర్‌తో దించేస్తే పోలా?

హైడల్‌బర్గ్_హేమ:
@గోదారోడు, రాత్రి వానలో బంపర్ ముందు కూర్చుని తిప్పి చూడండి, తెలుస్తుంది.

కమాన్‌కట్ట:
లెక్క బాగుంది, సగమే చెప్పారు. 300 లీటర్లకు 300 కిలోలు, మోటార్‌సైకిల్ 150 అనుకుందాం. 450 కిలోలకే పది టన్నుల తరగతి బండి 6 సెంటీమీటర్లు దిగుతుందా? పైగా ఆ మోటార్‌సైకిల్ ఇరుసు వెనక మీటరున్నర దూరంలో వేలాడుతుంటే, ముందు ఇరుసు మీంచి 56 కిలోలు లేచిపోతాయి. స్టీరింగ్ తేలికవుతుంది. మోటారు లైటును దించుతుందే గానీ ఆ బరువును ముందుకు తేలేదు.

మా నాన్న తాడేపల్లిగూడెంలో టాటా బెంజి నడిపాడు. టాటావాళ్లు బెంజ్ ఒప్పందంతో లారీలు చేసిన కాలం, 1954 నుంచి 1969 దాకా, ఆ రోజుల బండి అది. బరువు పెరిగితే కమానుకు పట్టీ కలిపేవాడు, లైట్ల జోలికి పోయేవాడు కాదు.

నా అనుభవం కూడా వినండి. నా పాత వ్యానుకు ఈ మోటార్లే పెట్టించా. ఏడాది తిరిగేసరికి ఒకటి బిగుసుకుపోయింది. బండి తనిఖీ చేసే ఆయన "తప్పనిసరి కాకపోయినా, పెట్టుకున్నాక పని చేయాలి" అని వెనక్కి పంపాడు. రెండుసార్లు తిరిగా, రెండు రోజుల సెలవు పోయింది.

బ్రేమెన్_బాబు:
మీ మోటారు బిగుసుకుపోతే నేనేం చేయను? మీ నాన్నగారు ఎదురుబండి కళ్లలో ఎంత వెలుగు కొట్టారో ఎవరు కొలిచారు?

కమాన్‌కట్ట:
మా నాన్న ఊసెత్తకు. ఆగస్టులో డెన్మార్క్ నుంచి వస్తూ రెండు గంటలు నీ ముందు నడిపాను. అద్దాలు మడిచేసి నడిపాను! వెనక సీట్లో పిల్లలు మొహాలకు తువ్వాళ్లు కప్పుకున్నారు. ఆగి చెప్తే "డిమ్‌లోనే ఉంది అన్నా" అన్నావు. ఇప్పుడు అడుగుతున్నా, నిజం చెప్పు. కమాను పట్టీలు తీయించావు కదూ?

బ్రేమెన్_బాబు:
తీయించా. ఒక్కో పక్క రెండు. అమ్మ ఖమ్మం నుంచి వచ్చి మూడు నెలలు ఉంది. ఆమెకు నడుం నొప్పి. ఆ మిలిటరీ కమానుతో గుంత తగిలినప్పుడల్లా అరిచేది. ఆమెను ఇంట్లో వదిలి మేం తిరగాలా?

కమాన్‌కట్ట:
ముందే చెప్తే ఇంత గొడవ లేదు. అమ్మ కోసం సీటు కింద గాలి స్ప్రింగు పెట్టు, బండి కమాను కోయకు. పట్టీలు తీశాక ఆ ఇరుసు కాగితం మీద రాసినంత బరువు మోయదు. మోటార్లు పెట్టావంటే ఎదుటివాళ్లు లైట్లు కొట్టడం మానేస్తారు. నువ్వూ మర్చిపోతావు. నా భయం అదీ.

బ్రేమెన్_బాబు:
సీటు సంగతి చూస్తా అన్నా. కానీ పట్టీలు తిరిగి వేసినా నీళ్ల ట్యాంకు ఓ రోజు నిండుగా, ఓ రోజు ఖాళీగా ఉంటుంది. బటన్ నాకు కావాలి. శనివారం కాటాకు తీసుకెళ్తున్నా.

కమాన్‌కట్ట:
ముందు ఇరుసు విడిగా తూయించు. మోటార్‌సైకిల్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి.

హైడల్‌బర్గ్_హేమ:
కొనే ముందు లైటు గాజు మీద 'ఈ' (E) గుర్తు, అంటే రోడ్డు మీద వాడటానికి ఆమోదం ఉన్నట్టు ముద్ర, చూడండి. మోటారు కొన తగిలించుకునే గుంట లేని పాత లైటుకు ఏ మోటారూ పట్టదు.

ఇరవైనాలుగు_వోల్టులు:
అంతా సరే గానీ, 12ఆ 24ఆ ఇంకా చెప్పలేదు.