బ్లిట్జ్ చెస్‌లో రాజును కొట్టేస్తే గెలిచినట్టేనా?

అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లకు చిన్న బ్లిట్జ్ (తక్కువ టైమ్‌లో వేగంగా ఆడే చెస్) పోటీ పెడుతున్నాం. రూల్స్ దగ్గరే పంచాయితీ తెగట్లేదు. పెద్దవాళ్లది పాత పద్ధతి: చెరో 5 నిమిషాలు, చెక్ చూసుకోకపోతే రాజును కొట్టేయడమే, ఆట ఖతం. కోచింగ్‌కు వెళ్లే పిల్లలేమో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రూల్ అంటున్నారు. తప్పు ఎత్తు (రూల్స్ ఒప్పుకోని ఎత్తు) వేసి క్లాక్ నొక్కితే అవతలివాళ్లకు 1 నిమిషం అదనం, రెండోసారి చేస్తే ఓటమి. ఎత్తు వేసిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. క్యాస్లింగ్‌కు (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడానికి) రెండు చేతులు వాడి క్లాక్ నొక్కినా తప్పు ఎత్తు కిందే లెక్క. నాకైతే ఇదే నచ్చింది, క్లాక్ మీద చెయ్యి తీయని అంకుల్స్‌కే కష్టం!

అసలు చిక్కు ఇంక్రిమెంట్, అంటే ఎత్తు వేసిన ప్రతిసారీ క్లాక్‌లో కలిసే అదనపు సెకన్లు. ప్రపంచ బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్‌లో లాగా 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు పెడదామంటే మా దగ్గర సగం పాత ముల్లు క్లాకులే, వాటిలో ఇంక్రిమెంట్ పెట్టలేం. ఇంక్రిమెంట్ లేకపోతే చెరో ఏనుగు మాత్రమే మిగిలిన ఆటలో కూడా అవతలివాళ్ల టైమ్ అయిపోయేదాకా ఊరికే తిప్పుతుంటారు. రూల్ ప్రకారం తప్పు కాదు గానీ చూడ్డానికి చిరాకు. మీరు పెట్టిన పోటీల్లో దీన్ని ఎలా ఆపారు? డ్రా ఇచ్చే అధికారం ఆర్బిటర్‌కు (ఆటను చూసే రిఫరీకి) ఉంటుందని ముందే రాసి పెట్టుకోవచ్చా? సిటీలో డిజిటల్ క్లాకులు ఒక్క రోజుకు అద్దెకిచ్చేవాళ్లు తెలిస్తే అదీ చెప్పండి.