ఒకే పాళ్లు కలిపినా ఒక రంగు పగులుతోంది, ఇంకోటి వేలికి అంటుతోంది

కుంచెపిట్ట:
అందరికీ నమస్కారం. నీటిరంగులు సొంతంగా చేసుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. తుమ్మబంక పొడి ఒక వంతు, గోరువెచ్చటి నీళ్లు రెండు వంతులు వేసి నానబెట్టి, వడకట్టి, కాస్త తేనె కలిపాను. ఆ జిగురు ఎంతో రంగుపొడి అంత. జేగురు, పసుపు మట్టి, దీపం మసి మూడింటికీ ఇదే లెక్క.

జేగురు చక్కగా వచ్చింది. పసుపు మట్టి మాత్రం పాన్‌లో (రంగు పోసి ఆరబెట్టే చిన్న గిన్నెలో) ఆరేసరికి బీటలువారి, అంచులు వదిలేసి పెంకులా ఊడొచ్చింది. మసితో గీసిన గీత పూర్తిగా ఆరాక కూడా రుద్దితే వేలు నల్లబడుతోంది. అసలు మసి నీళ్లలో కలవడమే లేదు, పైన తేలిపోతోంది.

ఇంకో సంగతి. పసుపుకొమ్ముల నుంచి తీసిన రంగుతో వేసిన పూలు కిటికీ పక్కన ఉంచితే దాదాపు మాయమయ్యాయి. పక్కనే జేగురుతో వేసిన కుండ చెక్కుచెదరలేదు. పటిక కలిపితే పసుపు నిలుస్తుందా?

గైరికం:
మీ పాళ్లు జేగురుకి కుదిరాయి. మిగతా రెండింటికీ ఆ లెక్క చెల్లదు. రంగులు చేసేవాళ్లు పుస్తకాల్లో కొలతలు వెతుక్కునే బదులు ఒక్కో పొడి ఎంత జిగురు తాగుతుందో తామే చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు మసి సంగతి. రేణువు సన్నబడేకొద్దీ పొడి మొత్తం ఉపరితలం పెరుగుతుంది, ఆ ఉపరితలమంతటికీ జిగురు పూత పడాలి. దీపం మసి రేణువులు మట్టి రేణువుల కంటే చాలా చాలా సన్నం. అందుకే జేగురుకి సరిపోయిన జిగురు మసికి చాలదు. చాలనప్పుడు కాగితానికి పట్టుకోని రేణువులే మీ వేలికి వస్తున్నాయి. ఇక తేలడం అంటారా, మసి నీళ్లతో తొందరగా తడవదు. ముందు కొన్ని చుక్కల స్పిరిట్ వేసి ముద్దలా తడపండి, తర్వాత జిగురు కలపండి. తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది.

పసుపు మట్టిలో బంకమన్ను పాలు ఎక్కువ ఉండి ఉంటుంది. బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఎండిన చెరువు నేల పగిలినట్టే పాన్‌లోనూ పగులుతుంది. పాన్ ఒకేసారి నింపకండి. పల్చటి పొర పోసి, నీడలో నెమ్మదిగా ఆరనిచ్చి, దానిమీద ఇంకో పొర పోయండి. తేనె కొంచెం పెంచండి, అది తేమను పట్టి ఉంచుతుంది. మరీ పెంచితే వానాకాలంలో రంగు ఆరక జిడ్డుగా ఉండిపోతుంది, కాబట్టి చుక్కచుక్కగా పెంచడం మేలు.

జిగురు చాలిందో లేదో తేల్చడానికి నేను ప్రతి రంగుకీ కాగితంమీద ఒక పట్టీ వేస్తాను, ఒక చివర పల్చగా, రెండో చివర దట్టంగా. బాగా ఆరాక వేలితో రుద్దుతాను. పొడి రాలితే జిగురు తక్కువ. దట్టంగా ఉన్నచోట గాజులా మెరిసి, కాగితం వంచగానే పెచ్చులూడితే ఎక్కువ. ఆ పట్టీ పక్కనే పాళ్లు రాసిపెట్టుకోండి. తర్వాత పనికొచ్చేది ఆ కాగితమే.

జిగురు నీళ్లు తొందరగా పాడవుతాయి. చుక్క లవంగ నూనె వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, కొద్దికొద్దిగానే చేసుకోండి.

నీలిమందు:
పసుపుకొమ్ముల రంగు గురించి నేను చెప్తాను. పటిక నీళ్లలో రంగు మరిగించి, వాషింగ్ సోడా కరిగించిన నీళ్లు పోస్తే నురగ పొంగి, రంగు అడుక్కి దిగుతుంది. పటికలోని అల్యూమినియం ఆ రంగుని పట్టుకుని కరగని పొడిగా మారుతుంది. మంజిష్ఠ వేరు నుంచి గులాబీ ఎరుపు ఇలాగే తీస్తారు. కానీ ఈ పద్ధతి రంగుని నీళ్లలో కరగకుండా చేస్తుందే తప్ప, వెలుతురు నుంచి పూర్తిగా కాపాడలేదు. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం వెలుతురుకి విరిగిపోతుంది. మందార లాంటి పూల రంగులూ అంతే, పైగా పులుపు తగిలితే ఒక రంగు, సోడా తగిలితే ఇంకో రంగు. మంజిష్ఠ వాటికంటే చాలా నయం. నోటుపుస్తకంలో మూసి ఉంచే బొమ్మలకైతే పసుపు హాయిగా వాడుకోండి, గోడకి తగిలించేవాటికి మాత్రం వద్దు.

ఏ రంగైనా పట్టీ వేసి, సగం నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించండి. కొన్ని వారాలయ్యాక కాగితం తీసి చూడండి.

గైరికం:
నీలిమందు గారు చెప్పింది అక్షరాలా నిజం. జేగురు నిలవడానికి కారణం అది ఇనుప ఆక్సైడ్ కావడమే. దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో సుమారు 1,00,000 ఏళ్ల కిందట ఎర్రమట్టి రంగు కలిపిన సముద్రపు చిప్పలు దొరికాయి. ఆ ఎరుపు నేటికీ గుర్తుపట్టేలా ఉంది.

మీ పసుపు మట్టిని పారేయకండి. దాని పసుపు గోథైట్ అనే ఖనిజం వల్ల వస్తుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందులోని నీరు పోయి హెమటైట్‌గా, అంటే జేగురు ఎరుపుగా మారుతుంది. రంగుల పనికే కేటాయించిన ఇనుప మూకుడులో, ఆరుబయట, కలుపుతూ వేయించండి. మధ్యలో దించేస్తే నారింజ, గోధుమ ఛాయలూ వస్తాయి. ఒక్క మట్టి నుంచి ఇన్ని ఛాయలు రావడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కుంచెపిట్ట:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. స్పిరిట్‌తో మసి నిజంగానే కలిసిపోయింది! మరి పొడిని ఇంకా మెత్తగా నూరితే అన్ని రంగులూ బాగుపడతాయా? ముల్లర్ (రంగు నూరే చదునైన గాజు గుండు) కొనాలా?

గైరికం:
అన్నీ కాదు. మట్టి రంగుల్ని ఎలాగూ నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైనున్న బురదనీళ్లు వంచి, ఆ నీళ్లని తేరనిచ్చి మెత్తటి భాగమే తీసుకుంటాం. కానీ ఆకుపచ్చటి మలకైట్, నీలం అజురైట్ లాంటి రాళ్లు మరీ మెత్తగా నూరితే వెలవెలబోతాయి. జపాన్ సంప్రదాయ చిత్రకళలో ఒకే రాతిపొడిని రేణువు పరిమాణాన్ని బట్టి వేరుచేసి నంబర్లు వేస్తారు. నంబరు పెరిగేకొద్దీ పొడి మెత్తన, రంగు పల్చన.

ముల్లర్ పని ముఖ్యంగా ఉండలు విడదీసి ప్రతి రేణువునీ జిగురుతో తడపడం. కొనేముందు గరుకు చేసిన గాజు పలకమీద, అడుగు చదునైన బరువైన గాజు పాత్రతో రుద్ది చూడండి. చిన్న మోతాదుకి సరిపోతుంది.

నీలిమందు:
పొడి గాల్లోకి లేచే పని ఏదైనా మాస్కు పెట్టుకునే చేయండి, మట్టిలోని సిలికా ఊపిరితిత్తులకి మంచిది కాదు. హరిదళం అనే పసుపు రాతిలో ఆర్సెనిక్, ఇంగిలీకం అనే ఎర్ర రాతిలో పాదరసం, సీసపు సింధూరంలో సీసం ఉంటాయి. పాత రంగులు కదా అని అవి మాత్రం ఇంట్లో నూరకండి.