తొమ్మిదో తరగతి పిల్లలతో పరిశోధన వ్యాసం రాయించడం ఎలా?

ప్రశ్న (కర్నూలు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని):
అందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి వారితో ఎనిమిది పుటల పరిశోధన వ్యాసం రాయించాలని పూనుకుని, 2009 అక్టోబరులో మా ఊరిని ముంచిన వరదను అంశంగా ఇచ్చాను. ముప్పై వ్యాసాల్లో ఇరవైకి పైగా ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఒక అబ్బాయి వికీపీడియా నుంచి ఎత్తి రాస్తూ, వాక్యం చివర ఆధారాన్ని సూచిస్తూ ఉండే [4] అనే అంకెను కూడా ఎర్ర సిరాతో ముచ్చటగా దిద్దాడు. అదేమిటని అడిగితే "అక్కడ ఉంది మేడమ్" అన్నాడు. కోప్పడటానికి మనసు రాలేదు. ఉన్నది ఉన్నట్టు అప్పజెబితే మార్కులు వేసే అలవాటు మనమే చేశాం. దీన్ని ఎక్కడి నుంచి చక్కదిద్దుకోవాలో చెప్పగలరు.

జవాబు 1 (కడప, విశ్రాంత ఉపాధ్యాయుడు):
మేడమ్, లోపం పిల్లల్లో కంటే అంశంలోనే ఉందని నాకు తోస్తోంది. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగడం, దిగువన శ్రీశైలం జలాశయం నిండి నీరు వెనక్కి ఎగదన్నడం వంటివన్నీ ఇప్పటికే రాసి ఉన్నాయి కాబట్టి, పిల్లవాడికి ఎత్తి రాయడం తప్ప పని మిగలలేదు. "మా వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచింది, ఎన్నాళ్లకు తీసింది?" అని అడిగి చూడండి. ఆనాటికి వారింకా పుట్టలేదు కనుక పెద్దలను అడగక తప్పదు. గోడ మీద చార మిగిలి ఉంటే టేపుతో కొలుస్తారు, లేదంటే అవ్వ చేత గోడ మీద చెయ్యి పెట్టించి కొలుస్తారు.

జవాబు 2 (అనంతపురం, అధ్యాపకురాలు):
సార్ మాట నిజమే గానీ, ఇన్నేళ్ల జ్ఞాపకంలో నీటి మట్టం ఏటా ఒక జానెడు పెరుగుతుందని మరవకూడదు. రెండు ఇళ్లలో విడివిడిగా అడిగించి, జిల్లా గ్రంథాలయంలో ఆ వారపు దినపత్రికలు దొరికితే వాటితో సరిచూడమనండి. పొసగకపోతే పొసగలేదనే రాయాలి. ఇక నోట్సు విషయంలో నేను ఒకటే పట్టుబడతాను. అరకాగితం తీసుకుని, ముందుగా పుస్తకం పేరు, పుట సంఖ్య వేసి, ఒక పేరా చదివి, పుస్తకం మూసి, అప్పుడు రాయాలి. మొదటి రోజు మా పిల్లలు పుస్తకం మూయగానే పెన్ను పట్టుకుని పైకప్పు చూస్తూ కూర్చున్నారు. వారం తిరిగేసరికి సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయగలిగారు.

జవాబు 3 (కడప, విశ్రాంత ఉపాధ్యాయుడు):
పొసగని సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులను ఎన్నో సేకరించి, పండితుల చేత ఒకదానితో ఒకటి పోల్చి చూపించుకున్నాకే 1829లో అచ్చు వేయించాడు. పిల్లలను కడపలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఒక పూట తీసుకొస్తే ఈ మాట వారికి సులువుగా ఎక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వీధి ప్రశ్నతోనే మళ్లీ మొదలుపెడతాను. మరి మార్కులు దేనికి వేయాలి?

జవాబు 4 (అనంతపురం, అధ్యాపకురాలు):
సగం మార్కులు ఆ అరకాగితాలకూ మొదటి చిత్తుప్రతికీ వేయండి మేడమ్. శుద్ధప్రతిని ఎవరైనా రాసిపెట్టగలరు గానీ, కొట్టివేతలున్న చిత్తుప్రతిని ఎరువు తెచ్చుకోవడం కష్టం.