ఆదివారం బండ్లు తక్కువ, ఓజోన్ ఎక్కువ. మరి బండ్ల మీద నిబంధనలు దేనికి?

వేకువగాలి:
నాలుగు నెలలుగా మా ఇంటికి దగ్గర్లో ఉన్న గాలి నాణ్యత కేంద్రం అంకెలు రోజూ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మా పాపకి తొమ్మిదేళ్లు, ఆస్తమా. అందుకే మొదలుపెట్టాను. రాసేకొద్దీ అయోమయం పెరుగుతోంది.

పొద్దున ఎనిమిదింటికి రోడ్డంతా బండ్లే, ఊపిరితిత్తులకి హాని చేసే ఓజోన్ వాయువు మాత్రం చాలా తక్కువ. మధ్యాహ్నం రెండు మూడు గంటలకి రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది, అప్పుడు అంకె పైకి లేస్తుంది. ఆదివారం ఇంకా వింత. లారీలు తిరగవు, ఆఫీసులు ఉండవు, అయినా వారం మొత్తంలో ఎక్కువ అంకె ఆ రోజే. మా అక్క వాళ్లది ఊరి బయట, చుట్టూ చెట్లు. సెలవులకి పాపని అక్కడికి పంపుదామనుకున్నాను. చూస్తే అక్కడ ఓజోన్ మా కంటే ఎక్కువ ఉంది!

అంటే బండ్లు తగ్గితే కాలుష్యం పెరుగుతుందా? ఇన్నేళ్లుగా ప్రభుత్వాలు పెడుతున్న నిబంధనలు పనిచేస్తున్నట్టా, లేనట్టా? పాపని ఏ వేళకి బయట ఆడుకోనివ్వాలి? నాకు చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తదారి:
మీటర్ తప్పు చూపిస్తోందేమో అండీ. చెట్ల మధ్య కాలుష్యం ఎక్కువంటే ఎలా నమ్మేది? పాత డీజిల్ బండ్లన్నీ ఒకేసారి ఆపేస్తే సమస్య తీరిపోతుందని నా అభిప్రాయం.

టెఫ్లాన్‌గొట్టం:
మీటర్ తప్పు కాదమ్మా. పదహారేళ్లు అలాంటి కేంద్రంలోనే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఓజోన్ పెట్టెలో 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఉంటుంది. దాన్ని గాలిలోంచి పంపుతాం. ఎంత ఓజోన్ ఉంటే అంత కాంతిని మింగేస్తుంది. గాలి పీల్చుకునే గొట్టం టెఫ్లాన్‌దే ఎందుకంటే, ఓజోన్ దారిలో ఇంకేది తగిలినా దానితో చర్య జరిపి ఖర్చయిపోతుంది. ఒకసారి గొట్టం మూతి దగ్గర దుమ్ము, సాలెగూడు పట్టి వారం రోజులు తక్కువ అంకెలు వచ్చాయి. ఆ వారం డేటా మొత్తం కొట్టేశాం. మూతి మురికి పడితే అంకె కిందికే పోతుంది, అంతేగానీ పైకి పోదు. మీరు చూసిన ఎక్కువ నిజంగానే ఎక్కువ.

ఓజోన్ ఏ సైలెన్సర్‌లోంచీ రాదు. ఎండలో, గాలిలోనే తయారవుతుంది. దానికి సరుకు రెండు రకాలు. ఒకటి ఇంజన్లు, బాయిలర్లు, విద్యుత్ కేంద్రాల్లో ఇంధనం మండినప్పుడు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు. రెండోది పెట్రోల్ ఆవిరి, థిన్నర్, రంగుల నుంచి లేచే కర్బన ఆవిర్లు. ఎండ తగిలితే ఆ ఆక్సైడ్లలో ఒకటైన నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోయి ఒక ఆక్సిజన్ పరమాణువును వదులుతుంది. అది గాలిలోని మామూలు ఆక్సిజన్‌తో కలిస్తే ఓజోన్. అయితే ఇంజన్ నుంచి అప్పుడే బయటికొచ్చిన, వాటిలో ఇంకొకటైన నైట్రిక్ ఆక్సైడ్‌కి ఓజోన్ దొరికితే తినేస్తుంది. తిని మళ్లీ నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. పొద్దున ఎనిమిదింటికి మీ రోడ్డు మీద జరిగేది ఇదే. ఓజోన్ లేదంటే గాలి బాగుందని కాదు, దాన్ని తినే పొగ అంత దట్టంగా ఉందని.

ఆదివారం తినేవాళ్లు తగ్గారు, కాబట్టి ఓజోన్ మిగిలింది. లాస్ ఏంజెలస్‌లో దీన్ని దశాబ్దాల క్రితమే గమనించి, వారాంతపు ప్రభావం అని పేరు కూడా పెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో చాలా నగరాల మధ్యలో ఓజోన్ పెరగడానికీ ఇదొక ముఖ్య కారణం. ఇక మీ అక్క వాళ్ల ఊరు. నగరం పొగ గాలివాటున అక్కడికి చేరేలోపు ఎండలో రెండు మూడు గంటలు ఉడుకుతుంది. అక్కడ తినడానికి కొత్త పొగ లేదు. పైగా కొన్ని రకాల చెట్లు ఐసోప్రీన్ అనే ఆవిరి వదులుతాయి, అదీ ఓజోన్‌కి సరుకే. చెట్ల తప్పేం లేదు. నగరం నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు వెళ్లకపోతే ఆ ఐసోప్రీన్ ఒక్కటే ఇంత ఓజోన్ చేయలేదు.

నిబంధనల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. జనం తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. 1943లో లాస్ ఏంజెలస్‌ని కళ్లు మండించే పొగ కమ్మితే, యుద్ధం రోజులు కదా, శత్రువు విషవాయువు వదిలాడేమోనని భయపడ్డారు. అది లండన్ పొగలాంటిదే అనుకుని ముందు బొగ్గు, గంధకం వైపు చూశారు. అసలు కారణం పట్టుకున్నది ఆరీ హాగెన్ స్మిట్. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త, అంతకుముందు అనాసపండు వాసనల మీద పరిశోధన చేస్తున్నాడు. పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ డయాక్సైడ్, ఎండ కలిస్తే ఓజోన్ పుడుతుందని 1950ల మొదట్లో చూపించాడు. ఓజోన్ ఎంతుందో చూడటానికి వంచిన రబ్బరు ముక్క పెట్టేవారు. ఓజోన్‌కి రబ్బరు పగుళ్లిస్తుంది. మీ పాప ఊపిరితిత్తుల లోపలి పొర మీద అదే వాయువు పనిచేస్తోంది, అందుకే నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

కారణం తెలిశాక కూడా సగం సగం నియంత్రణతో దెబ్బతిన్నారు. 1966లో కాలిఫోర్నియా కొత్త కార్ల పొగలో హైడ్రోకార్బన్లకీ (కాలకుండా మిగిలిన ఇంధన ఆవిర్లకీ) కార్బన్ మోనాక్సైడ్‌కీ పరిమితి పెట్టింది. కంపెనీలు ఇంజన్‌ని అందుకు తగ్గట్టు సర్దితే ఆ రెండూ తగ్గాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగాయి. వాటికి పరిమితి 1971లో గానీ రాలేదు. అమెరికా 1970 గాలి కాలుష్య చట్టం తర్వాత 1975 మోడల్ నుంచి, పొగ బయటికి పోయేలోపే అందులోని విషవాయువుల్ని మార్చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. సీసం ఆ కన్వర్టర్‌ని చంపేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోల్ కూడా బంకుల్లోకి రావాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన మూడు పనుల కన్వర్టర్ హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ ఒకేసారి తగ్గించింది. 1950లలో లాస్ ఏంజెలస్‌లో కొన్ని రోజులు ఓజోన్ 500 పీపీబీ (వంద కోట్ల గాలి భాగాల్లో 500 భాగాలు) దాటేది. ఇప్పుడు అక్కడ ఆ అంకె ఎవరూ చూడరు. అయినా 2015లో అమెరికా పెట్టుకున్న 70 పీపీబీ పరిమితిని అందుకోలేక ఆ ప్రాంతం ఇంకా అత్యంత తీవ్రమైన తరగతిలోనే ఉంది.

కాబట్టి కొత్తదారి గారూ, డీజిల్ బండ్లు ఆపడం మంచిదే, కానీ అదొక్కటే చేసి ఆవిర్లని వదిలేస్తే నగరం మధ్యలో కొన్నాళ్లు ఓజోన్ పెరుగుతుంది. అప్పుడు జనం "చూశారా, రూల్ దండగ" అంటారు, ప్రభుత్వం వెనక్కి తగ్గుతుంది. నా భయమల్లా అదే. నైట్రోజన్ ఆక్సైడ్లని ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోతే ఒక చోట మలుపు వస్తుంది, అక్కడినుంచి ఓజోన్ కూడా దిగుతుంది. ఆ మలుపు దాకా ఓపిక పట్టాలి. ఈలోగా బంకు దగ్గర ట్యాంక్ నింపేటప్పుడు లేచే ఆవిరిని వెనక్కి లాగే నాజిల్ పెట్టించాలి, రంగుల్లో ద్రావకం తగ్గించాలి. ఇంకొకటి, పరీక్షలో మాత్రమే కాకుండా రోడ్డు మీద కూడా కొలవాలి. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు ల్యాబ్‌లో పాసై, రోడ్డు మీద పరిమితికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలిన సంగతి గుర్తుందా? కాగితం మీద రూల్ ఉంది, గాలిలో లేదు.

చెక్కపని:
పెద్దాయన చెప్పినదాంట్లో ఒక్క మాట నాకు తగిలింది. ఫర్నిచర్‌కి స్ప్రే పాలిష్ వేసే షెడ్డు నాది. నలుగురు పనివాళ్లు. లక్కర్, థిన్నర్ మానేసి నీటి పాలిష్ వాడమంటే వాన రోజుల్లో ఆరదు, ఆర్డర్ ఆలస్యమవుతుంది. పెద్ద ఫ్యాక్టరీకి, నాకు ఒకటే రూల్ అంటే న్యాయమా?

టెఫ్లాన్‌గొట్టం:
మీ బాధ నిజమే బాబూ. రెండు విషయాలు వేరు చేసి చూడాలి. గాలి ఎంత శుభ్రంగా ఉండాలనే పరిమితి ఊపిరితిత్తులని బట్టి పెట్టాలి, ఖర్చుని బట్టి కాదు. అమెరికా సుప్రీంకోర్టు 2001లో ఏకగ్రీవంగా చెప్పింది కూడా అదే, వాళ్ల చట్టం ప్రకారం పరిమితి పెట్టేటప్పుడు ఖర్చు చూడకూడదని. ఆ పరిమితిని ఎవరి చేత, ఎంత గడువులో, ఎలా అందుకోవాలి అన్న దగ్గర ఖర్చు చూడొచ్చు, చూడాలి. యూరప్‌లో 2004 ఆదేశం రంగు డబ్బాలోనే ద్రావకం ఎంత ఉండొచ్చో నిర్ణయించింది. అంటే భారం ముందుగా తయారీ కంపెనీ మీద పడుతుంది, వాడే షెడ్డు మీద కాదు. నాకు ఆ పద్ధతే న్యాయంగా తోస్తుంది. ఈలోపు మీరు థిన్నర్ డబ్బాకి మూత పెట్టి ఉంచండి, గన్ కడిగేది మూత ఉన్న తొట్టిలో కడగండి, తక్కువ ప్రెషర్ గన్ వాడండి. పాలిష్ ఆదా అవుతుంది, పనివాళ్ల తలనొప్పీ తగ్గుతుంది.

అమ్మా వేకువగాలి, మీకొక పని. నోట్‌బుక్‌లో ఓజోన్ పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ కూడా రాసి రెండూ కూడండి. అంకెలు పీపీబీలో ఉండాలి. మైక్రోగ్రాముల్లో ఉంటే ఓజోన్‌ని 2తో, డయాక్సైడ్‌ని 1.9తో భాగించండి. తినడం, తిరిగి పుట్టడం ఎంత జరిగినా ఆ మొత్తం పెద్దగా మారదు.

వేకువగాలి:
మూడు వారాలు రాశాక వచ్చాను. మొన్న బుధవారం మధ్యాహ్నం ఓజోన్ 48, డయాక్సైడ్ 24. ఆదివారం 61, 9. కూడితే 72, 70. మొత్తం దాదాపు ఒకటే అండీ! ఇన్నాళ్లూ ఒక గడి మాత్రమే చూసి కంగారు పడ్డాను.

పాప ఆట ఉదయం ఏడింటికి మార్చాను. అయితే ఆ వేళ రోడ్డు పక్కన డయాక్సైడ్ ఎక్కువగా కనిపిస్తోంది, కాబట్టి మెయిన్ రోడ్డు వైపు కాకుండా వెనక వీధిలోని మైదానానికి తీసుకెళ్తున్నాను. ఎండ ముదిరిన మధ్యాహ్నాలు ఇంట్లోనే. ఇన్‌హేలర్ మాత్రం డాక్టర్ చెప్పినట్టే, అందులో ఏ మార్పూ లేదు.

టెఫ్లాన్‌గొట్టం:
అలాగే చేయండమ్మా. వాన పడిన రోజుల అంకెలు వేరే పేజీలో రాయండి, ఎండ రోజులతో కలిపితే లెక్క తప్పుతుంది.